కొరికి వెళ్ళిన రొట్టె

ఫిబ్రవరి 3, సోమవారం

మళ్ళీ రక్తం.

పొద్దుటి వాయి సగంలో ఉంది. పొడుగు చేతితొడుగు అలాగే ఉంచుకుని పెరట్లో మరుగుదొడ్డికి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి తందూరు గోడకు అంటించిన రొట్టెలన్నీ అంచులు మాడిపోయాయి. రహమన్‌కుల్ పిండి పిసకడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. నా భార్య సనోబర్‌కి అన్న, నాకు బావమరిది. నోరు ఊరుకోదు.

"ఏం బావా, నిన్నేం తిన్నావు?"

"మీ చెల్లెలి చేతి వంట."

"అయితే సరే. నేను పెళ్ళి ముందే చెప్పాను, నువ్వు వినలేదు" అని పగలబడి నవ్వాడు.

నేనూ నవ్వాను. ఎవరికీ చెప్పలేను కనుక మా అమ్మాయి జుమ్రద్ పాత బడి పుస్తకంలో మిగిలిన కాగితాల మీద రాసుకుంటున్నాను. ఇది రొట్టె కొట్టిన దెబ్బే. అందులో సందేహం లేదు. కానీ ఎందుకు కొట్టింది? ఒట్టు నేను తప్పలేదే! ఒక్క దమ్ము కూడా లాగలేదు.

ఫిబ్రవరి 4

ఒక్క దమ్ము కూడా.

ఫిబ్రవరి 9, ఆదివారం

పక్కింటి హోజర్ ఒపా, మా అందరికీ పెద్దక్క, చక్కెర అప్పు అడగడానికి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ గోడ వైపు చూసి ఒకే ప్రశ్న వేస్తుంది.

"సనోబర్, మీ ఇంట్లో రష్యా వెళ్ళింది ఎవరే?"

"ఎవరూ వెళ్ళలేదు ఒపా."

"మరి ఆ కొరికిన రొట్టె?"

"ఊరికే" అంటుంది సనోబర్. ఊరికే గోడకు రొట్టె ఎవరు వేలాడదీస్తారు? మా ఓష్ పట్టణంలో ఏ ఇంట్లోనైనా, సైన్యానికో కూలిపనికి రష్యాకో వెళ్ళేవాడు గడప దాటే ముందు ఒక ముక్క కొరికి వెళతాడు. మిగతా రొట్టె మేకుకు వేలాడుతూ వాడి కోసం ఎదురు చూస్తుంది. వాడు తిరిగొచ్చాక మిగిలింది తినాలి.

నేనెక్కడికీ వెళ్ళలేదు. పోయిన చలికాలం జుమ్రద్ ఊపిరి ఆడక ఆసుపత్రిలో పడుకుని ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నేను వసారాలో కూర్చుని ఒకదాని వెంట ఒకటి కాలుస్తున్నాను. సనోబర్ నా చేతి సిగరెట్టు లాగి పారేసి, నేనే కాల్చిన రొట్టె తెచ్చి నా తల మీద పెట్టింది. ఒట్టెయ్యండి అంది. పొగాకు నోట పెడితే ఈ రొట్టే నన్ను కొట్టాలి అన్నాను. దాంతో ఆమెకు తృప్తి కలగలేదు. రొట్టె నా నోటి దగ్గర పెట్టింది.

"కొరకండి. సిగరెట్టు దగ్గర్నుంచి బయల్దేరుతున్నారు. దాని మీద కోరిక కూడా పోయిన రోజు ఇంటికొచ్చినట్టు. అప్పుడు మిగతాది తిందురు గాని."

కొరికాను. నాలుగు రోజులకు జుమ్రద్ లేచి కూర్చుని ద్రాక్షపళ్ళు అడిగింది. అందుకే ఆ రొట్టె అంటే నాకు భయం. ఒట్టు నా ప్రాణం మీదే కావచ్చు, కానీ దాని రెండో చివర పిల్ల ఊపిరికి కట్టి ఉందని నాకనిపిస్తుంది. సనోబర్‌కీ అనిపిస్తుంది. ఇద్దరం పైకి అనుకోం.

కోరిక మాత్రం పోలేదు.

ఫిబ్రవరి 12

ఒట్టు తప్పలేదు కనుక ఇంకేదో తప్పు జరిగి ఉండాలి. అంగట్లో రొట్టెలన్నీ తిరగేసి చూశాను. బల్ల చివర ఒకటి బోర్లా పడి ఉంది! ఇదిగో, పువ్వు ముద్ర నేలకేసి, వీపు ఆకాశానికి!

"రొట్టెను బోర్లా పెడతావా? బుద్ధుందా?" అని రహమన్‌కుల్ మీద విరుచుకుపడ్డాను.

"నేను పెట్టలేదు బావా, అదే పడింది. అయినా అంత కోపమేంటి? తండ్రి శవాన్ని బోర్లా పడుకోబెట్టినట్టు చేస్తావు."

నేల మీద రొట్టె పొడి అంతా వేళ్ళతో ఏరి, కళ్ళకద్దుకుని పిచ్చుకలకు వేశాను. మెట్ల కింద, తందూరు వెనక, చెప్పుల దగ్గర కూడా వెతికాను. ఇక తగ్గుతుంది.

ఫిబ్రవరి 13

తగ్గలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

బెల్టుకు కొత్త చిల్లు పొడవాల్సి వచ్చింది. తందూరులోకి వంగి లేస్తే కళ్ళ ముందు నల్లటి చుక్కలు. సనోబర్ దానిమ్మ తొక్క మరిగించి పోస్తోంది. కడుపుకు చలి తగిలింది అనుకుంటోంది పాపం. పిండి బేరానికి వెళుతున్నానని చెప్పి పెద్దాసుపత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మ అనారా కిర్గిజ్ మనిషి, నా ఈడే ఉంటుంది. ఆమె గొట్టం పెట్టి చేసిన పరీక్ష గురించి ఇక్కడ కూడా రాయను. అయిపోయాక చేతులు కడుక్కుంటూ చెప్పింది: పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి ఉందట. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బు అంది.

"సిగరెట్టు అలవాటుందా?"

"ఉండేదండీ. మానేశాను!" అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఎప్పుడు?"

"పోయిన చలికాలం."

"ఊఁ" అని రాసుకుంది.

"ఆ ఊఁ ఏంటి డాక్టరమ్మా?"

కలం పక్కన పెట్టింది. "ఈ జబ్బుదొక వింత ఉంది. పొగ తాగేవాళ్ళలో తక్కువ కనిపిస్తుంది, మానేసినవాళ్ళలో ఎక్కువ. మానేసిన కొన్నాళ్ళకు బయటపడుతుంటుంది. నికోటిన్‌కి ఇందులో ఏదో పాత్ర ఉందేమోనని చర్మం మీద దాని పట్టీలు అంటించి చూశారు. కొందరికి కొంత తగ్గింది."

"అంటే..."

"అంటే గింటే ఏమీ లేదు! మళ్ళీ మొదలుపెట్టమని కాదు. మీ గుండె, ఊపిరితిత్తులు కూడా మీకు కావాలి కదా? ఇవిగో మాత్రలు. రోజూ మూడు పూటలా. తగ్గింది కదా అని ఆపేశారో, నా సంగతి మీకు తెలీదు."

నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. ఒట్టు తప్పితే కొడుతుందనుకున్న రొట్టె, ఒట్టు నిలబెట్టుకున్నందుకు కొట్టిందన్నమాట. ఇదెక్కడి న్యాయం?

ఫిబ్రవరి 20

కొందరికి కొంత తగ్గింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇవాళ మగాళ్ళ పండగ. సనోబర్ మేజోళ్ళు ఇచ్చింది, ఏటా అవే. బిష్కెక్ దారిలో టాక్సీ నడిపే, నన్ను అన్నలా ఆకా అని పిలిచే ఎర్మెక్ రోజూ నా దగ్గర రొట్టెలు తీసుకుని బయల్దేరుతాడు. ఇవాళ వాడు కూడా ఏదో కానుక ఇచ్చాడు. లావుపాటి పెన్నులా ఉంది, గులాబీ రంగు. పీలిస్తే చివర దీపం వెలుగుతుంది.

"ఇదేంట్రా, ఆడపిల్లల బొమ్మలా ఉంది?"

"ఆవిరి సిగరెట్టు ఆకా. ఇందులో ఆకు లేదు, నిప్పు లేదు, బూడిద లేదు. సిగరెట్టు మానేద్దామని కొన్నాను."

"మానేశావా?"

"ఎక్కడ! ఇప్పుడు రెండూ తాగుతున్నా. అందుకే ఒకటి నీకు."

నికోటిన్ ఉందా అని అడిగాను. ఉంది అన్నాడు.

పిండి కొట్లో బస్తాల మధ్య కూర్చుని చాలాసేపు దాని వంకే చూశాను. నేను ఒట్టు వేసింది పొగాకు మీద. ఇందులో ఆకు లేదని వాడే చెప్పాడు కదా. పొగ కూడా కాదు, ఆవిరి. ఆవిరి కుండలోంచీ వస్తుంది, టీ గ్లాసులోంచీ వస్తుంది. ఆవిరి మీద ఎవరైనా ఒట్టు వేస్తారా?

పీల్చాను. పుచ్చకాయ వాసన. తల గిర్రున తిరిగింది. అమ్మయ్య! ఎన్నాళ్ళకు! కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అవి దగ్గు వల్ల వచ్చినవే.

ఇది మందు. మందు కోసమే.

మార్చి 1, శనివారం

రంజాన్ మొదలైంది. నా జబ్బు సంగతి ఎవరికీ తెలియదు, కాబట్టి నేనూ ఉపవాసమే. పగలు మాత్ర మింగుతూ రహమన్‌కుల్ కంట పడితే ఊరంతా చాటింపు వేస్తాడు. అందుకని మధ్యాహ్నం మాత్ర మానేశాను. పండగ అయ్యాక మళ్ళీ మొదలుపెడతాను.

ఆవిరి మాట వేరు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. నేను రోగిని. అందుకని కొట్లో తలుపేసుకుని పీల్చవచ్చు.

మార్చి 8

రక్తం లేదు! నిన్న కూడా లేదు! ఆడవాళ్ళ పండగ కదా, సనోబర్‌కి తులిప్ పువ్వులు తెచ్చాను. "పదహారేళ్ళ కాపురంలో మొదటిసారి. ఏం తప్పు చేశారు?" అంది. ఆడవాళ్ళకు మంచి చేసినా అనుమానమే.

తెల్లవారుజామున తినేటప్పుడు వేసుకోవాల్సిన మాత్ర మూడు రోజులుగా మర్చిపోతున్నాను. మర్చిపోయినా ఏమీ కాలేదు. దీన్ని బట్టే తెలుస్తోంది, పని చేస్తున్నది ఏమిటో.

మార్చి 16, ఆదివారం

కొంప మునిగేది. సాయంత్రం రొట్టెల కోసం వరసలో నిలబడ్డ జనం మధ్య హోజర్ ఒపా రొట్టె వాసన చూసి గట్టిగా అరిచింది.

"ఏమయ్యా ఖోల్మత్! చలికాలంలో నీకు పుచ్చకాయ ఎక్కడ దొరికింది?"

"పుచ్చకాయేంటి ఒపా?"

"నా ముక్కు ముసలిదయిందనుకున్నావా? రొట్టెలో పుచ్చకాయ వాసనొస్తోంది. ఏదో ఎసెన్సు కలుపుతున్నావు నువ్వు!"

రహమన్‌కుల్ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, "నిజమే బావోయ్, బాగుంది కూడా. ఇంకో రకం ఖర్బూజా వాసనతో చేద్దామా?" అన్నాడు. జనమంతా నవ్వు. ఉపవాసంలో ఉన్నానని గుర్తొచ్చి వాడు తుపుక్కున ఉమ్మేశాక ఇంకా నవ్వు.

ఇదంతా పిండి కొట్లో తలుపేసుకున్న ఫలితం. ఇంతలో ఇంట్లోంచి సనోబర్ వచ్చింది. ఒక రొట్టె తీసుకుని వాసన చూసింది. నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"పోనీలే ఒపా, వాసనొస్తే వచ్చింది. కడుపు నిండుతుంది కదా" అని రొట్టె ఆవిడ సంచిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఏమీ అడగలేదు. తెలిసి ఉండదు.

మార్చి 31

పండగ. జుమ్రద్‌ని సులైమాన్ కొండ ఎక్కించాను. ముందు అది, వెనక నేను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. "నాన్నా, మీకు ఆయాసం రాలేదే!" అంటుంది అది. దానికి ఆయాసం రాలేదని నేను చూస్తున్నాను. దేవుడా, దాన్ని ఇలాగే చల్లగా చూడు.

మాత్రలు పండగ అయ్యాక అన్నాను. పండగ మూడు రోజులు కదా.

ఏప్రిల్ 17

బెల్టుకు పాత చిల్లు సరిపోయింది. గోడ మీది రొట్టెకు సర్దిచెప్పాను. చూడు, పొగాకంటే ఆకు, నువ్వు పిండివి, తేడా తెలియనిదానివి కాదు. నాకు మందు దొరికింది, పిల్ల బాగుంది, నువ్వు కూడా హాయిగా ఎండిపో. ఇందులో ఎవరికి నష్టం?

పంటిగాట్లు అలాగే ఉన్నాయి.

ఏప్రిల్ 25

జుమ్రద్ దగ్గింది. రెండుసార్లు. బడిలో చల్లటి నీళ్ళు తాగిందట.

ఏప్రిల్ 26

ఇవాళ దగ్గలేదు. నేను కూడా ఇవాళ పీల్చలేదు.

ఏప్రిల్ 27

దగ్గలేదు. చల్లటి నీళ్ళ వల్లే. పీల్చాను.

జూన్ 21, శనివారం

ఎర్మెక్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అయిపోయింది ఆకా. జులై నుంచి ఆవిరి సిగరెట్లు బంద్. అమ్మకూడదు, తేకూడదు. మా సందు చివర కొట్టువాడు అప్పుడే అన్నీ సర్దేశాడు."

"ఎందుకట?"

"ఎందుకేంటి, బడిపిల్లలు పెన్సిళ్ళ బదులు ఇవే పట్టుకు తిరుగుతున్నారు. మా చిన్నదాని సంచిలోనే దొరికింది ఒకటి. మామిడిపండు వాసన. వీపు చిట్లగొట్టింది మా ఆవిడ."

"పిల్లల సంగతి సరే, నాలాంటి రోగుల సంగతి?"

"నీకేం రోగం ఆకా? ఎద్దులా ఉన్నావు."

ఇన్నాళ్ళూ వాడి దగ్గరే కొంటున్నాను, చివరిది కూడా తీసుకున్నాను. పిల్లల మాట విన్నాక ప్రభుత్వాన్ని తిట్టడానికి నోరు రాలేదు. మా జుమ్రద్ సంచి కూడా వెతికాను. రబ్బరు, ఆప్రికాట్ గింజలు, విరిగిన దువ్వెన. అంతే.

జులై 5

దీపం వెలగలేదు. మూడుసార్లు నేలకేసి కొట్టి పీల్చాను. వెలగలేదు.

జులై 8

రక్తం.

జులై 9

మాత్రల డబ్బా కోసం కొట్టంతా తిరగేశాను. బస్తాల వెనక దొరికింది. ఎలుక ఒక మూల కొరికేసింది. మిగిలినవి వేసుకోవడం మొదలుపెట్టాను. మూడు పూటలా, బుద్ధిగా. పీల్చడానికి ఏమీ లేదు కాబట్టి బుద్ధి వచ్చింది.

జులై 11

రొట్టె ముందు నిలబడి లెంపలేసుకున్నాను. నా మీదే ఉంచు, పిల్ల జోలికి వెళ్ళకు అని వేడుకున్నాను. సనోబర్ వంటింట్లోంచి చూసిందో లేదో.

జులై 13, ఆదివారం

ఎర్మెక్ నా వాలకం చూసి, జేబులోంచి సిగరెట్టు తీసి ఇచ్చాడు. "మొహం పాలిపోయింది ఆకా. ఒక్కటి లాగు, కుదుటపడతావు."

తీసుకున్నాను. తందూరు వెనక కూర్చున్నాను. నిప్పు చేతికందే దూరంలో ఉంది. కడుపులో కత్తులు తిరుగుతున్నాయి. కొందరికి కొంత తగ్గింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఏడుపొచ్చింది. ఇంత మొగాణ్ణి, చిటికెనవేలంత కాగితం గొట్టం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

వెలిగించలేదు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు, అబద్ధం రాసి లాభం లేదు. వెలిగించలేదు. నలిపి నిప్పుల్లో వేశాను.

జులై 15

ఆసుపత్రి. తర్వాత రాస్తాను.

జులై 16, బుధవారం

నిన్న వాయి దించడానికి వంగినవాణ్ణి వంగినట్టే తందూరు నోట్లోకి జారానట. రహమన్‌కుల్ బెల్టు పట్టుకుని వెనక్కి లాగాడు. కనుబొమ్మలు కాలిపోయాయి. ఇంతకాలం వాడి నోరే చూశాను, వాడి చేతులు చూడలేదు. పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ముక్కు చీదుతున్నాడు.

"ఆ బెల్టు తెగి ఉంటే మా చెల్లెలికి ఏం చెప్పేవాణ్ణి బావా? బావ రొట్టె అయిపోయాడు అని చెప్పేవాణ్ణా?"

డాక్టరమ్మ అనారా సనోబర్ ముందే నన్ను ఉతికి ఆరేసింది. మాత్రలు ఎప్పుడు ఆపారు? ఎందుకు ఆపారు? రంజానా? రోగికి మినహాయింపు ఉందని తెలియదా?

తెలుసు అన్నాను. ఆవిరి సంగతి చెప్పేశాను. చెబుతున్నంతసేపూ దుప్పటి అంచునే చూస్తున్నాను.

"అంటే మందుకు ఉపవాసం ఉన్నారు, ఆవిరికి లేరు!" అంది డాక్టరమ్మ. నా చెవికి అది అప్పుడే వినపడింది.

"కానీ డాక్టరమ్మా, తగ్గింది కదా? ఆవిరి వల్లేనా? మాత్రల వల్లా?"

"నాకేం తెలుసు? రెండూ ఒక వారంలో మొదలుపెట్టారు. ఒకటి దొంగచాటుగా ఆపేశారు, రెండోది దొరక్క ఆగిపోయింది. ఉప్పూ కారం ఒకేసారి కుమ్మరించి, కూర ఏ చెంచాతో బాగుపడిందని అడిగితే ఏం చెప్పను? ఆవిరి కొంత మేలు చేసిందేమో, కాదనను. ఆ జబ్బు తనంతట తనే కొన్నాళ్ళు తగ్గిందేమో కూడా. మాత్రలు ఆపడం మాత్రం చెరుపు చేసింది. ఇది నాకు తెలుసు."

సెలైన్‌లో గట్టి మందు ఎక్కిస్తున్నారు. దానికి లొంగకపోతే పెద్దపేగు తీసెయ్యాలట. మలం పోవడానికి పొట్ట మీద సంచి పెడతారట.

"సంచితో తందూరులోకి వంగొచ్చా?" అని అడిగాను.

ఆమె సెలైన్ గొట్టం సరిచేసింది. "ముందు లొంగుతుందేమో చూద్దాం" అంది.

నాకు ఇంకో పని రాదు. మా నాన్న నేర్పింది ఇదొక్కటే.

జులై 17

ఇవాళ సనోబర్ ఒక్కతే వచ్చింది. బియ్యం గంజి గిన్నె మూత తీస్తూ, నా వైపు చూడకుండా అంది.

"నాకు పుచ్చకాయ నాడే తెలుసు."

"మరి అడగలేదేం?"

"జుమ్రద్ వాళ్ళ నాన్నా, ఇంట్లో బట్టలు ఎవరు ఉతుకుతారు అనుకున్నారు?"

పెరట్లో కుళాయి కింద రక్తం మరకలు దొంగలా కడిగి, నీళ్ళోడుతున్న లాగులు బుట్ట అడుగున కుక్కేవాణ్ణి.

"చలికాలం అంతా చూశాను. మీరు చెబుతారేమోనని ఎదురుచూశాను. దానిమ్మ తొక్క మరిగించడం తప్ప ఏం చెయ్యాలో తెలీలేదు. తర్వాత రక్తం ఆగింది. పుచ్చకాయ వాసన వచ్చింది. రెండూ ఒకటేనని నాకూ అనిపించింది. అడిగితే మానేస్తారు. మానేస్తే మళ్ళీ రక్తం వస్తుందని నోరు మూసుకున్నాను."

"ఒట్టు సంగతి?"

"ఒట్టు వేయించింది నేనే కదా. రోజూ పొద్దున్నే ఆ రొట్టెకి చెప్పుకునేదాన్ని. నా బలవంతం మీద వేశారు, పిల్ల కోసం వేశారు, కొట్టాల్సి వస్తే నన్ను కొట్టు అని."

నేను పిల్లను తప్పించమని మొక్కాను. ఆమె నన్ను తప్పించమని మొక్కింది. ఒకే గోడ ముందు, ఒకరికి తెలియకుండా ఒకరం. ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చి, తలగుడ్డ కొసతో ముందు నా మొహం తుడిచింది.

"మాత్రలు ఆపారని మాత్రం తెలీదు. తెలిసుంటే చీపురు తిరగేసేదాన్ని" అంది. "ఆ పని ఇంకా బాకీ ఉంది. ముందు లేవండి."

జులై 18

నిన్న వెళ్ళేముందు సనోబర్ డాక్టరమ్మ గదిలో చాలాసేపు కూర్చుందట. నికోటిన్ మంచిదైతే, పొగా ఆవిరీ లేకుండా ఇచ్చే దారి లేదా అని అడిగిందట. ఇవాళ డాక్టరమ్మ ఒక పట్టీ పట్టుకొచ్చింది.

"ఇది మళ్ళీ సిగరెట్టు ముట్టుకోకుండా ఉండటానికి ఇస్తున్నాను. పేగు కోసమని రాయను. పేగుకి కూడా మేలు చేస్తే సంతోషమే. కానీ దీన్ని నమ్ముకుని మాత్ర మానితే ఈసారి మీ ఆవిడకు చీపురు నేనే అందిస్తాను."

సనోబర్ పట్టీ వెనక కాగితం ఊడదీసి నా భుజం మీద పెట్టి, రొట్టెను తందూరు గోడకు చరిచినట్టు అరచేత్తో ఒక్కటి చరిచింది. వార్డంతా వినపడింది.

జులై 21

రక్తం తక్కువ. రాయడానికి భయంగా ఉంది.

జులై 22

ఇంకా తక్కువ.

జులై 25, శుక్రవారం

కత్తి అక్కర్లేదంది డాక్టరమ్మ. సంచి అక్కర్లేదు. గట్టి మందుకు లొంగింది. పట్టీ సాయం చేసిందా అని అడగబోయాను. నా మొహం చూసి, "అడక్కండి" అంది. నవ్వింది కూడా.

రహమన్‌కుల్ ఫోన్ చేశాడు. వాడే తందూరు చూస్తున్నాడు. రొట్టెలు ఎలా వస్తున్నాయి అంటే, "గుండ్రంగా రావడం లేదు గాని బోర్లా మాత్రం ఒక్కటీ పెట్టలేదు బావా" అన్నాడు.

ఆగస్టు 3, ఆదివారం

ఇంటికొచ్చాను.

మంచం మీద కూర్చోగానే మేకు వైపు చూశాను. రొట్టె లేదు. సనోబర్ దాన్ని నేల మీద పరిచిన గుడ్డ మధ్యలో పెట్టి ఉంచింది. పువ్వు ముద్ర పైకి, నా పంటిగాట్లు నా వైపు. పక్కన పెద్ద గిన్నెలో పాలు కలిపిన వేడి టీ.

"తినండి."

"ఇప్పుడా? కోరిక పోయాక కదా తినమన్నావు. పోలేదు సనోబర్. ఆసుపత్రి గేటు దగ్గర ఎవడో కాలుస్తుంటే ఆగి వాసన చూశాను. భుజం మీద పట్టీ ఉండగా!"

"తెలుసు. నేను మీ పక్కనే ఉన్నా కదా."

"మరి?"

"కోరిక పోయినవాణ్ణి ఏం చేసుకోను? నేను పంపింది ఈ ప్రాణం తిరిగి రావాలని. వచ్చింది. ఇంకా ఎన్నాళ్ళు గోడకు వేలాడదీయమంటారు?"

రాయిలా ఉంది రొట్టె. ఇద్దరం చెరో వైపు పట్టుకుని విరిచాం. ముక్కలు టీలో వేసి నానబెట్టింది. డాక్టరమ్మ నన్ను తినమన్నది కూడా మెత్తటిదే కదా. మొదటి చెంచా ఆమే నా నోట్లో పెట్టింది. పాత పిండి, గోడ సున్నం, కొంచెం పొగచూరిన వాసన. నేను కాల్చిన రొట్టెలన్నిటిలో రుచి లేనిది అదే. గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నాను.

జుమ్రద్ మోకాళ్ళ మీద కూర్చుని చూస్తోంది. దానికీ ఒక చెంచా పెట్టాను. నమిలి, మొహం చిట్లించి, మింగింది.

"నాన్నా, ఇంతకీ మీరు ఎక్కడికి వెళ్ళొచ్చారు?"

"దూరం" అన్నాను.

"రష్యా కంటేనా?"

సనోబర్ గుడ్డ దులపకుండా, పొడి అంతా అరచేతిలోకి ఏరుతోంది.

ఆగస్టు 4

పొద్దున మాత్ర వేసుకున్నాను. సనోబర్ పట్టీ మార్చింది. తందూరు దగ్గరికి ఇంకా వెళ్ళనివ్వడం లేదు. కుర్చీ వేసుకుని రహమన్‌కుల్ మీద అరవడానికి మాత్రం అనుమతి ఉంది.

హోజర్ ఒపా చక్కెర తిరిగివ్వడానికి వచ్చింది. అలవాటుగా గోడ వైపు చూసింది. మేకు ఒక్కటే ఉంది. గడపలోనే ఆగిపోయింది.

"సనోబర్! మీవాళ్ళు తిరిగొచ్చేశారా?"

సనోబర్ చక్కెర గిన్నె అందుకుంటూ నా వైపు చూసింది.

"వచ్చేశారు ఒపా" అంది.